బోరు కెమెరా

కూడేరు కాడ ఎనిమిదొందల నలభై అడుగులు
దిగింది నా కెమెరా.
వైరు మీద పదడుగులకొక ఎర్ర టేపు,
చేతిలో చిన్న టీవీ,
ఎండ పడకుండా దాని మీద ఎర్రిస్వామి తువ్వాల.
ఆ తువ్వాల కింద ఇద్దరమూ తలలు దూర్చి
రాతి గోడలు చూస్తాం.
కేసింగు అయిపోతుంది, మట్టి అయిపోతుంది,
బూడిద రాయి, మళ్ళీ రాయి,
యాడనో ఒక గీత.
గీతలో నూలుపోగంత మెరుపు.
"జల!" అంటాడు రైతు.
నేనేమీ అనను.
తడికీ జలకీ నడుమ ఎంత అప్పుంటదో
నాకు తెలుసు.

పన్నెండేండ్లుగా ఇదే పని,
భూమి లోపల చూసి చెప్పడం.
లేదని చెప్పిందే ఎక్కువ.

ఆ పొద్దు గూడా లేదనే చెప్పబోతున్నా.
వైరు చుడుతుంటే డ్రమ్ము పిడి చెయ్యి జారి
గిర్రున ఎనక్కి తిరిగి
ఎడమ కంటి మీద కొట్టింది.
నెత్తురు చుక్క బయటికి రాలే.
"దేవుడు సల్లగా సూసినాడు, తెగలేదు గదా"
అన్నారు అందరూ.
మాపటికి ఎర్రిస్వామి మొగం నడుమ
ఎవరో అరచెయ్యి అడ్డం పెట్టినట్టుంది.
చెవులు కనపడతాయి, నెత్తి కనపడతాది,
మీసం ఉండాల్సిన కాడ పొగ.

అనంతపురం, కంటాసుపత్రి, మూడో గది.
మాబున్నీ అనే పిల్ల
మోచేతి మడతలో నరం ఎతికి
నారింజ రంగు మందు ఎక్కించింది.
"కడుపులో తిప్పుతుంది, నిమిషమే.
రేపటిదాకా ఒంటేలు పచ్చగొస్తుంది, భయపడొద్దన్నా."
గడ్డం ఆనించమంది, నొసలు ఆనించమంది,
కదిలే చిన్న దీపాన్నే చూడమంది.
నీలం మెరుపు. మెరుపు. మెరుపు.
ఎవరో నాలోకి వైరు దించుతున్నారు.
అడుగులు లెక్కపెట్టుకోవాలనిపించింది.

తెర నా దిక్కు తిప్పింది.
బాగున్న కంటితో బాగలేని కన్ను చూసినా.
నల్లటి నేల మీద తెల్లగా ఏర్లు.
ఒక్క చోట పుట్టి,
పాయలై, పిల్లకాలవలై,
నడిమి చీకటి అంచుకొచ్చి ఆగిపోయినాయి.
మా జిల్లాలో ఏ వానకూ
ఇన్ని వంకలు ఒక్కసారి పారంగ చూడలే.
"ఇన్ని నీళ్ళా!" అన్నా, నోరు జారి.
ఆ పిల్ల నవ్వి, మళ్ళీ సర్దుకుంది.

డాక్టరమ్మ వచ్చి గోటితో చూపింది:
ఆ వంకలన్నిటి కింద, ఇంకో పొరలో,
నేల మీది వంక కాదు, నెలవంక.
సన్నంగా చిట్లిన గీత,
మందు తాగి నిదానంగా వెలుగుతాంది.
"దెబ్బకి లోపలి పొర చీలింది.
ఈ నల్లటిది నెత్తురు, ఇంకిపోతుంది.
నా భయం ఇప్పటిది కాదు.
మూడు నెల్లకో, ఆర్నెల్లకో
ఈ చీలిక అంచున కొత్త నరాలు మొలవొచ్చు.
మొలిస్తే కారతాయి.
నెలనెలా వచ్చి ఫోటో తీయించుకోవాలి."

రాయి చిట్లిన కాడే గదమ్మా జల!
చీలిక కోసరమే గదా ఇన్నేండ్లూ వైరు దించింది.
గీత కనపడితే టెంకాయ కొట్టినోళ్ళున్నారు,
కారితే నా కాళ్ళ మీద పడినోళ్ళున్నారు.

"ఇక్కడ కారగూడదు" అందామె,
నా మాట అర్థమయ్యీ కాక.
"ఇక్కడ ఎండిపోవాల."

బస్టాండులో ఉండంగా ఎర్రిస్వామి ఫోను.
కన్నెట్లుందని అడిగినాడు, నిజంగానే అడిగినాడు.
తర్వాత కాసేపు ఊరకుండి,
"ఆ పొద్దు మన బోరు సంగతి చెప్పకనే పోతివి" అన్నాడు.
ఆరొందల పది అడుగుల కాడ
ఒక గీత చూసినట్టు గుర్తు.
తడిదో, మెరుపుదో.
లేదని నోటి దాకా వచ్చింది, పన్నెండేండ్ల అలవాటు.
"నెల పోనీ, మళ్ళీ దించి చూద్దాం" అన్నా.
నా గొంతు డాక్టరమ్మ గొంతు మాదిరి వినపడింది.

కుడి కన్ను మూసి బస్సు బోర్డు చదివినా.
'కూ' ఉంది. 'రు' ఉంది.
నడిమి అక్షరం నాకు తెలిసిందే గాబట్టి
ఎక్కినా.